తుపాను వెళ్లాక బడిని ఎలా కట్టుకోవాలి?

మనలో చాలామందికి సొంత ఊరు ఒకటి, చదువుకునే ఊరు ఇంకొకటి. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తే పుస్తకాలు సర్దుకొని కొత్త బడికి వెళ్తాం. ఎడారి పక్కన చదివినవాళ్లం, కొండల్లో చదివినవాళ్లం, సముద్రం ఒడ్డున చదివినవాళ్లం ఒకే తరగతి గదిలో కలుస్తాం. ఒక్కో చోట ప్రకృతి ఒక్కో రకంగా భయపెడుతుంది. కొండల్లో భూకంపాలు, విరిగిపడే కొండచరియలు. మైదానాల్లో వరదలు. బంగాళాఖాతం ఒడ్డున తుపానులు.

ఈ పాఠానికి తుపానును తీసుకుందాం. తీరంలో ఉన్న ఒక బడిని తుపాను దెబ్బతీసి వెళ్లిందనుకుందాం. దాన్ని మళ్లీ కట్టే ప్రణాళిక గీసే పని మనకే అప్పగించారనుకుందాం. పడిపోయినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా లేపేస్తే వచ్చే తుపానుకు అది మళ్లీ పడుతుంది. 2015లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందంలో ఇదే మాట ఉంది: విపత్తు తర్వాత కట్టేది మునుపటి కంటే మెరుగ్గా ఉండాలి. మెరుగ్గా అంటే ఎలా? దానికి సైన్సు కావాలి, కొంచెం లెక్కలు కావాలి, ఇరుగుపొరుగు గురించి ఆలోచన కూడా కావాలి. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందు నష్టాన్ని చదవాలి

డాక్టరు గారు మందు రాసే ముందు రోగిని పరీక్షిస్తారు. మనం కూడా గీత గీసే ముందు, గత తుపాను దేన్ని పడగొట్టిందో, దేన్ని వదిలేసిందో చూడాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ పేరు ఒమన్ దేశం ఇచ్చింది. తల మీద విసనకర్రలాంటి తురాయి ఉన్న ఒక పక్షి పేరది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. నగరంలో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి. రేకులు, హోర్డింగులు, కిటికీ అద్దాలు ఎగిరిపోయాయి. కరెంటు లేక, మోటార్లు తిరగక, ఇళ్లకు నీళ్లు అందక జనం రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు.

ఈ జాబితాను ఇంకోసారి చదవండి. కాంక్రీటు పిల్లర్లు, బీములు, స్లాబుతో కట్టిన మేడలు చాలావరకు అక్కడే నిలబడ్డాయి. వాటికి తగిలించిన, బిగించిన, ఆనించిన వస్తువులే ముందుగా పోయాయి. తుపాను గాలి భవనంలో బలహీనమైన అతుకును వెతుక్కుంటుంది. ఒక బోల్టు ఊడితే ఒక రేకు లేస్తుంది. ఒక రేకు లేస్తే గాలి లోపలికి దూరుతుంది. ఆ తర్వాత మిగతా కప్పు నిలవడం కష్టం. అందుకే మన ప్రణాళికలో మొదటి సూత్రం ఇలా రాసుకుందాం: బడి బలం దాని అన్నింటికంటే బలహీనమైన అతుకు బలమంతే.

హుద్‌హుద్ నేర్పిన రెండో పాఠం తుపాను కన్ను. తుపాను మధ్యలో గాలి దాదాపు ఉండని గుండ్రటి ప్రాంతాన్ని కన్ను అంటారు. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో ఈ కన్ను చుట్టూ తిరుగుతాయి. విశాఖ మీదుగా కన్ను వెళ్తున్నప్పుడు గాలి కొంతసేపు శాంతించింది. కన్ను దాటగానే వ్యతిరేక దిశ నుంచి మళ్లీ విరుచుకుపడింది. దీని నుంచి రెండు సంగతులు నేర్చుకోవాలి. బడిని సముద్రం వైపు మాత్రమే గట్టిగా కడితే చాలదు, నాలుగు వైపులా కట్టాలి. గాలి ఆగింది కదా అని ఎవరూ బయటికి రాకూడదు.

2. గాలి ఎంత బలంగా నెడుతుంది?

గాలికి బరువు లేదనుకుంటాం. ఒక చిన్న లెక్క చేస్తే ఆ భ్రమ పోతుంది.

గంటకు 180 కిలోమీటర్లు అంటే 3,600 సెకన్లలో 1,80,000 మీటర్లు. భాగిస్తే సెకనుకు 50 మీటర్లు. మన దేశ నిర్మాణ ప్రమాణాల్లో తూర్పు తీరంలో చాలా భాగానికి ఇంజినీర్లు లెక్కలోకి తీసుకునే వేగం కూడా ఇదే. గాలి ఒత్తిడికి వాళ్లు వాడే సూత్రం చాలా చిన్నది:

ఒత్తిడి = 0.6 × వేగం × వేగం

వేగం సెకనుకు మీటర్లలో వేస్తే, ఒత్తిడి చదరపు మీటరుకు న్యూటన్లలో వస్తుంది. 0.6 × 50 × 50 = 1,500 న్యూటన్లు. అంటే ప్రతి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువు పెట్టినట్టు. ఒకటిన్నర మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న తరగతి కిటికీని తీసుకుందాం. దాని వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. దాని మీద పడే తోపుడు దాదాపు 270 కిలోలు. నలుగురైదుగురు పెద్దవాళ్లు ఒకేసారి ఆ అద్దానికి ఒరిగినట్టు!

ఇప్పుడు వేగాన్ని సగం చేద్దాం. గంటకు 90 కిలోమీటర్లు, అంటే సెకనుకు 25 మీటర్లు. ఒత్తిడి 375 న్యూటన్లే. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు తగ్గింది. తిప్పి చూస్తే, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే "పోయినసారి గాలికి ఏమీ కాలేదు, ఈసారీ ఏమీ కాదులే" అనుకోవడం ప్రమాదం. గాలి కాస్త పెరిగినా దాని బలం చాలా పెరుగుతుంది.

3. కప్పు ఎందుకు పైకి లేస్తుంది?

గాలి పక్క నుంచి వీస్తుంది. మరి కప్పు పైకెందుకు ఎగురుతుంది? ఒక చిన్న కాగితాన్ని కింది పెదవి దగ్గర పట్టుకొని దాని మీదుగా గట్టిగా ఊదండి. కాగితం కిందికి వంగదు, పైకి లేస్తుంది. భవనం మీదుగా దూసుకుపోయే గాలి కూడా ఇలాగే కప్పు మీద ఒత్తిడి తగ్గించి దాన్ని పైకి లాగుతుంది. కప్పు అంచుల దగ్గర, మూలల దగ్గర ఈ లాగుడు అన్నిటికంటే ఎక్కువ.

ఇదే సమయంలో గాలికి ఎదురుగా ఉన్న ఒక కిటికీ పగిలిందనుకోండి. గాలి గదిలోకి దూరి లోపలి నుంచి కప్పును పైకి నెడుతుంది. పైనుంచి లాగుడు, కింది నుంచి తోపుడు. రెండూ కలిస్తే రేకులు నిలవవు. కిటికీని కాపాడితే కప్పునూ కాపాడినట్టే అని ఇంజినీర్లు చెప్పేది ఇందుకే.

బరువులు పోల్చి చూద్దాం. సిమెంటు రేకుల కప్పు చదరపు మీటరుకు 15 నుంచి 20 కిలోలు ఉంటుంది. 10 సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 250 కిలోలు. పైన లెక్కించిన ఒత్తిడిలో సగమే పైకి లాగినా చదరపు మీటరుకు 75 కిలోలు. రేకు లేస్తుంది, స్లాబు లేవదు. కాబట్టి తరగతి గదులకు స్లాబు వేద్దాం.

సైకిల్ షెడ్డుకు, భోజనాల షెడ్డుకు, స్టేజీకి రేకులే వాడాల్సి వస్తే ఈ జాగ్రత్తలు రాసుకుందాం. రేకు దాని కింది ఇనుప పట్టీకి, పట్టీ దూలానికి, దూలం స్తంభానికి, స్తంభం పునాదికి గట్టిగా బిగించి ఉండాలి. ఇది చేతులు పట్టుకొని నిలబడిన పిల్లల వరుస లాంటిది. ఒక్కరు చెయ్యి వదిలినా వరుస తెగిపోతుంది. ఒకవైపే వంపు ఉన్న కొక్కెం బోల్టులు గాలి లాగినప్పుడు నిటారుగా సాగి జారిపోతాయి. పట్టీ చుట్టూ తిరిగి రెండు వైపులా నట్టు బిగించే బోల్టులు మేలు. అంచుల్లో, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. చూరు గోడ దాటి ఎక్కువ బయటికి రాకూడదు. ఒకటిన్నర అడుగు చాలు. సముద్రపు ఉప్పు గాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి తుప్పు పట్టని పూత ఉన్న బోల్టులు వాడాలి, ఏడాదికోసారి చూసి మార్చాలి.

4. ఆకారం: పాత ఇళ్లను అడుగుదాం

సిమెంటు రాకముందే తీరంలోని పెద్దలు గాలితో ఎలా బతకాలో తెలుసుకున్నారు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టిల్లు అనే ఇల్లు ఉండేది. ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. గోడ గుండ్రంగా ఉంటుంది. దాని మీద గొడుగు లాంటి గడ్డి కప్పు. చూరు నేలకు దగ్గరగా దిగుతుంది. లోపలికి వెళ్లాలంటే వంగాలి. గుండ్రటి గోడకు గాలి ఎదురు దెబ్బ కొట్టడానికి చదునైన ముఖం దొరకదు, పక్కలకు జారిపోతుంది. కప్పుకు అన్ని వైపులా వాలు ఉండటం వల్ల గాలి పట్టుకు చిక్కే నిలువు త్రికోణపు గోడ ఉండదు.

మన బడిని గుండ్రంగా కట్టలేం. బెంచీలు, బోర్డులు సరిపడవు. అయినా ఆ ఇంటి ఆలోచనను తీసుకోవచ్చు. వాలు కప్పు వేస్తే రెండు వైపులా కాక నాలుగు వైపులా వాలు ఉండేలా వేద్దాం. భవనం మరీ పొడవుగా రైలు పెట్టెలా ఉండకూడదు. పొడవు వెడల్పుకు మూడు రెట్లు మించకపోతే మంచిది. ఎల్, యు ఆకారాల లోపలి మూలల్లో గాలి చిక్కుకొని సుడి తిరుగుతుంది. గదులు ఎక్కువ కావాలంటే విడివిడి దీర్ఘచతురస్రపు బ్లాకులుగా కట్టి, ఒకే గీత మీద కాకుండా కాస్త అటూ ఇటూ జరిపి పెడదాం. వరుసగా నిలబెట్టిన బ్లాకుల మధ్య గాలి గొట్టంలో దూరినట్టు వేగం పుంజుకుంటుంది.

కిటికీలకు చెక్క తలుపులో, గట్టి షట్టర్లో ఉండాలి. అద్దం మీద అడ్డంగా, నిలువుగా టేపు అంటిస్తే పగలదని చాలామంది అనుకుంటారు. టేపు అద్దాన్ని పగలకుండా ఆపదు. షట్టర్ మాత్రమే ఆపుతుంది. డాబా మీద పిట్టగోడను కేవలం ఇటుకలతో కడితే గాలికి విరిగి కింద పడవచ్చు. దానికీ మధ్యమధ్య చిన్న కాంక్రీటు స్తంభాలు వేయాలి.

5. గాలి కంటే బలమైనది నీరు

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచింది. తుపాను గాలి సముద్రాన్ని నెట్టుకుంటూ వచ్చి నేల మీదికి ఎక్కించడమే ఉప్పెన. ఆ రోజు అల సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పది వేలమంది చనిపోయారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో తాటిచెట్లను పట్టుకొని బతికి బయటపడినవారి కథలు ఈనాటికీ చెప్పుకుంటారు.

నీటి బలం ఎంతో లెక్క వేద్దాం. నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు బరువైనది. నీటికి సూత్రం: 500 × వేగం × వేగం. మనం చురుగ్గా నడిచే వేగంతో, అంటే సెకనుకు 2 మీటర్ల వేగంతో నీరు కదిలితే, ఒత్తిడి 2,000 న్యూటన్లు. గంటకు 180 కిలోమీటర్ల గాలి కంటే ఇది ఎక్కువ! నడక వేగంతో వచ్చే నీరు తుపాను గాలిని మించి నెడుతుంది. కాబట్టి నీటిని అడ్డుకోవడానికి గోడలు కట్టడం కంటే దానికి దారి ఇచ్చి, మనం ఎత్తు మీద ఉండటమే తెలివైన పని.

ప్రణాళికలో ఇలా రాసుకుందాం. బడికి స్థలం ఎంచుకునేటప్పుడు సముద్రం ఎంత దూరం అన్నది ఒక్కటే చూడకూడదు. నేల ఎంత ఎత్తులో ఉంది, దగ్గర్లో ఏరు గానీ కాలువ గానీ ఉందా అన్నదీ చూడాలి. ఉప్పెన నీరు ఏరు వెంబడి చాలా లోపలికి వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే పాత వరద ఎక్కడిదాకా వచ్చిందో గుడి మెట్టునో, చెట్టు బోదెనో చూపించి చెబుతారు. ఆ గుర్తు కంటే పైనే మన గచ్చు ఉండాలి. ఉప్పెన భయం ఎక్కువ ఉన్నచోట భవనాన్ని ఎత్తైన స్తంభాల మీద కట్టి, కింది భాగాన్ని ఖాళీగా వదిలేయాలి. మామూలు రోజుల్లో అక్కడ ప్రార్థన జరుపుకోవచ్చు, వానకు తడవకుండా ఆడుకోవచ్చు. తుపాను రోజున నీరు స్తంభాల మధ్య నుంచి వెళ్లిపోతుంది. ఖాళీగా ఉంది కదా అని ఎవరైనా గోడలు లేపి స్టోర్‌రూమ్ చేస్తే నీటికి దారి మూసినట్టే.

6. ప్రాంగణంలో మిగతావి

చెట్లు: తుపాను వల్ల చెట్లు కూలాయి కదా అని చెట్లే వద్దనుకోకూడదు. ఎక్కడ, ఏ చెట్టు అన్నదే ప్రశ్న. చెట్టు పూర్తిగా పెరిగాక ఎంత ఎత్తు ఉంటుందో, భవనం నుంచి అంతకంటే ఎక్కువ దూరంలో నాటాలి. అప్పుడు పడినా కప్పు మీద పడదు. చుట్టూ సిమెంటు గట్టు బిగించిన చెట్టు వేళ్లు విస్తరించలేవు, అది సులువుగా ఒరిగిపోతుంది. సముద్రం వైపు సరుగుడు, తాటి వంటివి వరుసలుగా పెంచితే గాలి దూకుడు కొంత తగ్గుతుంది. చుట్టుపక్కల మడ అడవి ఉంటే దాన్ని కాపాడమని ఊరివారితో కలిసి అడుగుదాం. 1999 తుపానులో ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో మడ అడవులు వెడల్పుగా ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువని పరిశోధకులు లెక్కతో చూపించారు.

ప్రహరీ గోడ: పొడవాటి నిండు ఇటుక గోడ గాలికి మొత్తంగా పడిపోతుంది. కింద అడుగు గట్టి గోడ, పైన గాలి, నీరు వెళ్లే జాలీ లేదా ఇనుప చువ్వలు మేలు.

నీళ్ల ట్యాంకు: డాబా మీది ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు బంతిలా ఎగిరిపోతుంది. తుపాను ముందు నింపితే వెయ్యి లీటర్ల ట్యాంకు వెయ్యి కిలోల బరువవుతుంది, పైగా తర్వాత తాగడానికి నీళ్లు ఉంటాయి. కరెంటు లేకపోయినా పనిచేసేలా ఎత్తైన గట్టు మీద ఒక చేతి పంపు కూడా కావాలి.

కరెంటు: హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు తీగలను భూమిలో కేబుళ్లుగా వేసే పని చేపట్టారు. మన ప్రాంగణంలో కూడా గేటు నుంచి భవనం దాకా తీగలు భూమిలోనే వేద్దాం. మీటర్లు, స్విచ్ బోర్డులు, జనరేటర్ మాత్రం వరద గుర్తు కంటే పైన ఉండాలి.

రికార్డులు: ఇది ముఖ్యంగా మన సంగతి. బదిలీ అయిన కుటుంబానికి టీసీ లేకపోతే కొత్త బడిలో చేరడం ఎంత తంటానో మనకు తెలుసు. అడ్మిషన్ రిజిస్టర్లు, మార్కుల రికార్డులు పై అంతస్తులో, కిటికీకి దూరంగా, ఇనుప బీరువాలో ఉండాలి. కంప్యూటర్‌లోని కాపీ ఇంకో ఊళ్లో కూడా భద్రంగా ఉండాలి. కెమిస్ట్రీ ల్యాబ్ సీసాలు కింది అరల్లో, అడ్డు పట్టీ ఉన్న షెల్ఫుల్లో పెట్టాలి. ల్యాబ్‌ను కింది అంతస్తులో పెట్టకూడదు.

7. ఆ రాత్రి బడి ఎవరిది?

ఇప్పటిదాకా మన గదుల గురించే మాట్లాడుకున్నాం. కానీ ఊరిలో అన్నిటికంటే గట్టి భవనం బడే అయినప్పుడు, తుపాను రాత్రి ఊరంతా బడి వైపు చూస్తుంది. పక్కన మత్స్యకారుల పల్లె ఉంటే అక్కడివారు ఎక్కడికి వెళ్లాలి? మన గేటు తెరుచుకుంటుందా?

1999 అక్టోబరు 29న ఒడిశాను సూపర్ సైక్లోన్ తాకినప్పుడు దాదాపు పది వేలమంది చనిపోయారు. ఆ తర్వాత ఒడిశా తీరం వెంబడి ఎన్నో తుపాను ఆశ్రయ భవనాలు వెలిశాయి. వాటిలో చాలావాటిని మామూలు రోజుల్లో బడులుగా వాడతారు. రోజూ వాడే భవనం శుభ్రంగా ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి తెరిచే భవనం పాడుబడుతుంది. బంగ్లాదేశ్‌లో కూడా చాలా ప్రాథమిక పాఠశాలలు ఇలా రెండు పనులూ చేస్తాయి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పది లక్షలకు దగ్గరగా జనాన్ని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఈసారి మృతుల సంఖ్య వందలోపే ఉంది. ముందస్తు హెచ్చరిక, రవాణా, తల దాచుకోవడానికి గట్టి గోడలు మూడూ కలిసి సాధించిన ఫలితమిది.

ఊరి కోసం కూడా కట్టేటప్పుడు గోడలు చాలవు. హెచ్చరిక వచ్చినా కొందరు ఇల్లు వదిలి రారు. ఎందుకు? ఆశ్రయంలో మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు రావడానికి వెనకాడతారు. పశువులను వదిలి రావడానికి రైతుకు మనసొప్పదు. మెట్లు ఎక్కలేని అవ్వను ఒంటరిగా వదిలి ఇంటివాళ్లు రారు. అందుకని పై అంతస్తులోనే ఆడవారికి, మగవారికి వేర్వేరు మరుగుదొడ్లు, లోపలి గడియతో. మెట్ల పక్కనే చక్రాల కుర్చీ ఎక్కే వాలు దారి. ప్రాంగణం చివర పశువుల కోసం మట్టి దిబ్బ. బంగ్లాదేశ్‌లో ఇలాంటి ఎత్తైన దిబ్బలు కట్టి పశువులను కాపాడుకుంటారు. పసిపిల్లల తల్లులకు ఒక గది. పల్లె వైపు ఒక గేటు. ఆ గేటు తాళం చెవి ఒకటి బడిలో, ఇంకొకటి పల్లెలో అందరికీ తెలిసినవారి దగ్గర.

8. భవనం సగమే, మిగతా సగం మనం

భారత వాతావరణ శాఖ తుపాను గురించి మెట్లు మెట్లుగా హెచ్చరిస్తుంది. ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు తుపాను అప్రమత్తత సందేశం, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక వస్తాయి. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. మన బడి పట్టిక ఇలా ఉండవచ్చు:

సీజన్‌కు ముందు: బోల్టులు, షట్టర్లు చూడాలి. ఎండిన కొమ్మలు కొట్టించాలి. కాలువల పూడిక తీయించాలి. మరుగుదొడ్ల తలుపులు సరిచేయించాలి.

48 గంటల ముందు: ట్యాంకులు నింపాలి. జనరేటర్‌కు డీజిల్ తెప్పించాలి. డాబా మీది విడి రేకులు, కుండీలు, పాత బెంచీలు కిందికి దించాలి. గాలికి లేచిన పూలకుండీ పక్కవాడి కిటికీకి ఫిరంగి గుండు అవుతుంది.

24 గంటల ముందు: పిల్లలను ఇళ్లకు పంపాలి. షట్టర్లు మూయాలి. పల్లె గేటు తెరవాలి. లాంతర్లు, ప్రథమ చికిత్స పెట్టె, తాగునీరు పై అంతస్తుకు చేర్చాలి.

వెళ్లిపోయాక: తెగిన తీగలను తాకకూడదు. ఇంజినీరు చూసి సరే అనేదాకా దెబ్బతిన్న గదుల్లోకి వెళ్లకూడదు. ఊరివారు ఇళ్లు చేరేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత వీలైనంత త్వరగా తరగతులు మొదలుపెట్టాలి. ఇంటిని, పుస్తకాలను పోగొట్టుకున్న పిల్లవాడికి రోజూ కలిసే స్నేహితులు, తెలిసిన టీచరు ఉండటం కూడా ఒక ఆశ్రయమే.

9. మనం వెళ్లిపోతాం కదా?

ఇక్కడ మనలాంటివాళ్లకు ఒక ప్రశ్న వస్తుంది. "మేం ఇక్కడ ఉండేది రెండేళ్లో మూడేళ్లో. పెద్ద తుపాను ఎప్పుడో వస్తుంది. అప్పటికి మేం ఇంకెక్కడో ఉంటాం. మాకెందుకు?"

ప్రశ్న న్యాయమైనదే. జవాబు మనం కూర్చున్న గదిలోనే ఉంది. మనం చేరిన ప్రతి బడిలో నీడనిచ్చే చెట్టును మనకు తెలియని ఎవరో నాటారు. గోడలను ఎవరో కట్టించారు. బోర్డును ఎవరో అడిగి పెట్టించారు. వాళ్లూ బదిలీ మీద వెళ్లినవాళ్లే. మనం బిగించమని అడిగిన బోల్టు మనం చూడని ఒక పిల్ల తల మీది కప్పును పట్టుకొని ఉంటుంది. పల్లెకు మాత్రం బదిలీ ఉండదు. వాళ్లు ప్రతి తుపానుకూ అక్కడే ఉంటారు. మనం వెళ్లాక కూడా ఆ గేటు వాళ్లకు తెరుచుకోవాలి.

ఇంకో లాభం ఉంది. బడిని ఇలా చూడటం ఒకసారి నేర్చుకుంటే ఏ ఊరు వెళ్లినా ఆ చూపు మనతో వస్తుంది. కొండల్లోని బడికి వెళ్తే తుపాను స్థానంలో భూకంపాన్ని పెట్టి ఇవే ప్రశ్నలు అడగవచ్చు: ఇక్కడి ప్రమాదం ఏది? బలహీనమైన అతుకు ఎక్కడుంది? ఇక్కడి పెద్దలు పాత ఇళ్లు ఎలా కట్టారు? ఆ రోజున ఇక్కడికి ఇంకా ఎవరు వస్తారు?

చేసి చూద్దాం

1. గాలి వేగం గంటకు 216 కిలోమీటర్లు. దాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, మీ తరగతి తలుపు మీద ఎంత తోపుడు పడుతుందో లెక్కించండి. ఫిజిక్స్ సర్‌కో మేడమ్‌కో చూపించండి.
2. అట్టపెట్టెతో రెండు నమూనా గదులు చేయండి. ఒకదానికి అన్నీ మూసేయండి, రెండోదానికి ఒక కిటికీ తెరవండి. కాగితపు కప్పును కొద్దిగా అతికించి టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టండి. ఏ కప్పు ముందు లేచింది? ఎందుకు?
3. మీ ప్రాంగణం పటం గీయండి. గాలికి ఎగిరే వస్తువులకు ఎరుపు చుక్క, నీరు నిలిచే చోట్లకు నీలం చుక్క, ఊరివారు తల దాచుకోగల చోట్లకు ఆకుపచ్చ చుక్క పెట్టండి. పటాన్ని ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి.
4. మీ బడిలో పనిచేసే స్థానికులను, ఆయా గారినో వాచ్‌మన్ గారినో, వారు చూసిన పెద్ద గాలివాన లేదా వరద గురించి అడిగి ఒక పేజీ రాయండి. నీరు ఎక్కడిదాకా వచ్చిందో తప్పకుండా అడగండి.

పదాలు – అర్థాలు

అతుకు: రెండు భాగాలు కలిసే చోటు
ఉప్పెన: తుపాను గాలికి సముద్రపు నీరు నేల మీదికి పొంగి రావడం
గచ్చు: గదిలోని గట్టి నేల
చూరు: గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు
దూలం: కప్పు బరువును మోసే పెద్ద కర్ర లేదా ఇనుప కమ్మీ
పిట్టగోడ: డాబా అంచున కట్టే పొట్టి గోడ
ప్రహరీ: ప్రాంగణం చుట్టూ ఉండే గోడ
మడ అడవి: ఉప్పునీటి బురద నేలల్లో పెరిగే అడవి
సరుగుడు: తీరపు ఇసుక నేలల్లో నిటారుగా పెరిగే, సూదుల్లాంటి ఆకుల చెట్టు